మందలించిందని...

మన దినపత్రికల జిల్లా పేజీల్లో, ఓ మూలన, సింగిల్ కాలమ్‌లో, ఒకే అచ్చులో పోసినట్టు వచ్చే వార్త ఒకటుంది. తల్లి మందలించిందని విద్యార్థి ఆత్మహత్య. సెల్‌ఫోన్ కొనివ్వలేదని యువకుడి బలవన్మరణం. మార్కులు తక్కువ వచ్చాయని బాలిక అఘాయిత్యం. ఊరు మారుతుంది, వయసు మారుతుంది, ఎస్సై పేరు మారుతుంది. వాక్యం మాత్రం మారదు. ఏళ్ల తరబడి చదివి చదివి మన కన్ను దాని మీద ఆగడం కూడా మానేసింది. ఆగి చూసినప్పుడు నన్ను వదలకుండా వేధించేది అందులోని చావు కబురు ఒక్కటే కాదు, దాని ముందున్న చిన్న అక్షరం కూడా: ‘ని’. మందలించిందని. కొనివ్వలేదని. వచ్చాయని. తెలుగులో ఈ ‘అని’ రెండు పనులు చేస్తుంది. ‘రేపు వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు ఒకరి మాటను ఇంకొకరికి చేరవేస్తుంది. ‘అమ్మ తిట్టిందని ఏడ్చాడు’ అన్నప్పుడు ఏడుపుకు కారణం చెబుతుంది. అది కూడా పక్కన నిలబడి చూసి చెప్పిన కారణంలా ఉండదు, ఏడ్చినవాడి మనసులోంచే తీసుకొచ్చినట్టు ఉంటుంది. అంటే ఆ శీర్షిక పెట్టినవాళ్లు, తెలిసో తెలియకో, చనిపోయిన పిల్లవాడి ఆఖరి ఆలోచన ఏమిటో మనకు వినిపిస్తున్నారు. అది వాళ్లకు ఎవరు చెప్పారు? చెప్పగలిగినవాడు ఒక్కడే. వాడు లేడు.

ఆ వాక్యం తయారయ్యే దారి వెంట నడిస్తే ఎవరి మీదా కోపం రాదు. ఇంట్లో ఘోరం జరుగుతుంది. పోలీసులు వస్తారు, పంచనామా రాయాలి, ఫిర్యాదు తీసుకోవాలి. ‘ఏం జరిగిందమ్మా?’ అని అడుగుతారు. గుండె పగిలిన ఆ వేళ తల్లి వెనక్కి వెతుక్కుంటూ పోతుంది. నిన్న ఏమైంది, రాత్రి అన్నం తిన్నాడా, నేనేమైనా అన్నానా? ‘చదువుకోమని కాస్త గట్టిగా అన్నాను సార్’ అంటుంది. ఆ మాట తనను తాను నిందించుకుంటూ అన్నది. కానీ కాగితం మీదికి ఎక్కేసరికి కారణమై కూర్చుంటుంది. సాయంత్రం విలేకరి స్టేషన్‌కు ఫోన్ చేస్తాడు, అవతలివాళ్లు కాగితంలో ఉన్నది చదువుతారు, ఆయన నాలుగు వాక్యాలు పంపుతాడు, డెస్క్‌లో సబ్ ఎడిటర్ వాటి నుంచి ఒక శీర్షిక తీస్తాడు. ఇన్ని చేతుల్లో ఏ ఒక్కటీ అబద్ధం ఆడలేదు. తలా ఒక ముడి బిగించారు, అంతే. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక తెలుగు పత్రికల్లో ఊరి కష్టసుఖాలకు చోటు దొరికింది. అది చిన్న మార్పు కాదు, చెరువు గట్టు తెగినా బడికి టీచరు రాకపోయినా అడగడానికి ఒక పేజీ ఏర్పడింది. ఆ పేజీలోనే ఇలాంటి చావుకూ మూడంగుళాలు కేటాయింపు అయిపోయింది. పోనీ ఇది పత్రికల తొందర అనుకుందామా అంటే, ప్రభుత్వం లెక్క కూడా ఆ అచ్చులోనే ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో కుటుంబ సమస్యల వల్ల 31.7 శాతం, అనారోగ్యం వల్ల 18.4 శాతం అని పట్టిక చెబుతుంది. ఒక్కో మనిషికి ఒక్కో గడి. జబ్బు చేసి పనికి పోలేక, పని లేక అప్పు చేసి, అప్పు వల్ల ఇంట్లో గొడవపడి, గొడవల్లో నిద్ర పోగొట్టుకుని, నిద్ర కోసం తాగుడు మరిగిన మనిషిని ఏ గడిలో వేస్తారు? పోలీసు కానిస్టేబుల్ ఏదో ఒక గడిలో వేయాల్సిందే. వేస్తాడు. మనం దాన్ని దేశపు సత్యంగా చదువుతాం.

వాక్యంలో మిగతా మాటలనూ కాస్త పట్టి చూడాలి. ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అంటాం. పాల్పడడం అన్న మాట ఇంకెక్కడ వాడతాం? దొంగతనానికి పాల్పడ్డారు, లంచానికి పాల్పడ్డారు, దాడికి పాల్పడ్డారు. మంచి పనికి ఎవరూ పాల్పడరు. ‘అఘాయిత్యం’ అన్నా అంతే, ఆ మాటలో ముందే ఒక తప్పు పట్టడం ఉంది. ఈ వాడుక ఊరికే పుట్టలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 309వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరం, బతికి బయటపడినవాడు ముద్దాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ దృష్టిని మార్చింది: అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్ష కాకుండా చికిత్స, సంరక్షణ అందించాలని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్ లేదు. చట్టం ఆ మనిషిని ముద్దాయిల వరసలోంచి పక్కకు తీసింది. మన క్రియాపదం ఇంకా తీయలేదు.

ఈ చిన్న వాక్యం పెరిగి పెద్దదైతే ఎలా ఉంటుందో 2020లో దేశమంతా చూసింది. ఆ ఏడాది జూన్ 14న హిందీ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ ముంబైలోని తన ఇంట్లో చనిపోయాడు. 34 ఏళ్లవాడు, పట్నా నుంచి వచ్చి సీరియళ్ల మీదుగా సినిమాల్లోకి ఎదిగినవాడు. లాక్‌డౌన్‌లో జనం ఇళ్లలో తెరల ముందున్నారు. తొలి గంటల్లోనే మృతదేహం ఫొటోలు ఫోన్లలో తిరుగుతుంటే వాటిని పంచుకోవద్దని మహారాష్ట్ర సైబర్ పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. అక్కడి నుంచి నెలకో ‘ని’ మొదలైంది. మొదట సినిమా కుటుంబాలు ఆయన్ను ఎదగనివ్వలేదని. జూలై చివర్లో తండ్రి పట్నాలో ఫిర్యాదు చేశాక, ప్రేమించిన అమ్మాయి ఆయన్ను ఒంటరిని చేసిందని. ఆ తర్వాత మత్తుమందులని. మధ్యలో అసలిది ఆత్మహత్యే కాదని. ఆగస్టు 19న సుప్రీంకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. సెప్టెంబరులో నటి కూడా అయిన ఆ అమ్మాయిని మత్తుమందుల నియంత్రణ సంస్థ అరెస్టు చేసింది, దాదాపు నెల తర్వాత బాంబే హైకోర్టు బెయిలిచ్చింది. ఆమె పేరు ఈ వ్యాసంలో రాయను. ఆ నెలల్లో ఆ పేరును తెరల మీద ఎంత వాడాలో అంతకు ఎన్నో రెట్లు వాడేశారు. విచారణకు వెళ్తున్న రోజు కరోనా కాలంలో కెమెరాలు ఆమెను ఊపిరాడనివ్వకుండా చుట్టుముట్టిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్టోబరు మొదట్లో ఎయిమ్స్ వైద్యుల బృందం హత్య కాదు, ఆత్మహత్యేనని అభిప్రాయం చెప్పింది. 2025 మార్చిలో సీబీఐ కేసు మూసివేత నివేదిక కోర్టుకు సమర్పించింది. ఈ రెండు తేదీల నడుమ నాలుగేళ్లకు పైగా ఉంది. రాత్రి తొమ్మిది గంటల చర్చలకు అంత ఓపిక ఉండదు. కారణం అదే రాత్రి కావాలి.

దీని మీద ఎవరూ నోరెత్తలేదని కాదు. ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులోనే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా, ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలో నియమాలు ఇచ్చింది: ప్రముఖంగా పెట్టవద్దు, పదే పదే చెప్పవద్దు, సంచలన శీర్షికలు వద్దు, పద్ధతినీ స్థలాన్నీ వివరించవద్దు, కష్టాలకు అదొక పరిష్కారమన్నట్టు చూపవద్దు, ఫొటోలు వద్దు. 2020 ఆగస్టు చివర్లో ఈ కేసు గురించే మళ్లీ గుర్తుచేసింది. చనిపోయిన నటుడి పేరుతో నకిలీ ట్వీట్లు చూపిన ఒక ఛానల్‌కు ప్రసార సంస్థల స్వీయ నియంత్రణ మండలి లక్ష రూపాయల జరిమానా వేసింది. కొందరు మాజీ పోలీసు ఉన్నతాధికారులు, మరికొందరు బాంబే హైకోర్టుకు వెళ్లారు. 2021 జనవరి 18న ప్రధాన న్యాయమూర్తి దీపాంకర్ దత్తా, జస్టిస్ జి.ఎస్. కులకర్ణి ఇచ్చిన 251 పేజీల తీర్పు, ఇలాంటి సమాంతర విచారణలు న్యాయ ప్రక్రియకు అడ్డుపడతాయని చెప్పింది. రెండు ఛానళ్ల ప్రసారాలు ప్రాథమికంగా ధిక్కారమేనని అంటూనే చర్య తీసుకోకుండా విడిచింది. ఆత్మహత్యల విషయంలో ప్రెస్ కౌన్సిల్ నియమాలనే టీవీలూ పాటించాలని ఆదేశించింది. అందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన సంగతి ఒకటి: చనిపోయిన మనిషిని బలహీనుడిగా చిత్రించడం, అతని ఆంతరంగిక జీవితంలోకి చొరబడడం కూడదని కోర్టు విడిగా చెప్పింది. చనిపోయినవాడికి కూడా తన మనసు తనదే అన్న మాట అందులో ఉందని నేను చదువుకున్నాను.

అయితే ఈ బాధ్యత చర్చ కూడా కొన్నాళ్లకు పాత గాడిలోనే పడిందేమోనని నా అనుమానం. ‘మీడియా చంపింది’ అన్న మాట ఎన్నిసార్లు వినలేదు? ఒక వ్యక్తి మీద పుకార్లు రాశారు, ఆ తర్వాత ఆ వ్యక్తి చనిపోయాడు, కాబట్టి రాసినవాళ్లే హంతకులు. కోపం అర్థమవుతుంది, ఆ పుకార్లు రాసినవాళ్లను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. కానీ ‘తల్లి మందలించిందని’ అన్న వాక్యంలో తల్లి ఉన్నచోట ‘మీడియా’ని పెట్టాం, అంతకుమించి ఏం మారింది? ఆ మనిషి లోపల ఏం జరిగిందో తెలుసునన్న ధీమా అలాగే ఉంది. ఛానళ్ల మీద నా ఫిర్యాదు, వాళ్లు ఫలానా మనిషిని చంపారని కాదు. ఎవరికీ తెలియని కారణాన్ని తెలిసినట్టు చెప్పారని, దాన్ని విన్న లక్షల మందిలో ఎవరి లోపల ఏముందో ఆలోచించలేదని. వార్త వినేవాళ్ల మీద పడే ప్రభావానికి ఆధారాలున్నాయి. ఫలానా మనిషిని చంపారనడానికి ఎప్పటికీ ఉండవు.

ఆధారాలంటే గుర్తుకొచ్చేది ముందుగా దుర్ఖైమ్. 1897లో ఆత్మహత్యల మీద రాసిన పుస్తకంలో ఆ ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త, ఒకరిని చూసి ఒకరు చేసే అనుకరణ వల్ల సమాజంలో ఆత్మహత్యల రేటు మారదని వాదించాడు. అనుకరించినవాళ్లు ఎలాగూ కొన్నాళ్లకు ఆ పనే చేసేవాళ్లని ఆయన తర్కం. వార్త ఎలా రాస్తే ఏమిటి, చనిపోయేవాళ్లు చనిపోతారు అని ఇవాళ న్యూస్‌రూముల్లో వినిపించే మాటకు తాత అది. దుర్ఖైమ్‌ను తేలిగ్గా తీసేయలేం, అందుకే 1974లో డేవిడ్ ఫిలిప్స్ చేసిన పని విలువైంది. 1947 నుంచి 1968 వరకు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చిన ఆత్మహత్య వార్తలను ఆయన మరణాల లెక్కలతో పక్కపక్కన పెట్టి చూశాడు. వార్త వచ్చాక సంఖ్య పెరిగింది, వార్తకు ప్రచారం ఎంత ఎక్కువైతే పెరుగుదల అంత ఎక్కువైంది. గోథే 1774లో రాసిన నవలలోని వెర్థర్ పేరును ఆయన ఈ ప్రభావానికి పెట్టాడు. 2020లో, సరిగ్గా మన ఛానళ్లు గొంతు చించుకుంటున్న ఏడాదిలోనే, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను పోగేసి చూసింది: ప్రముఖుల ఆత్మహత్య వార్తల తర్వాత ఒకటి రెండు నెలల్లో ఆత్మహత్యలు సగటున 13 శాతం పెరుగుతున్నాయి. ఇది శాతాల్లో చెప్పినప్పుడు చప్పగా ఉంటుంది. మనుషుల్లోకి మార్చి ఊహించుకోవాలి. పేర్లు లేని మనుషులు, ఏ వార్త చదివారో ఎవరికీ తెలియనివాళ్లు. వాళ్లలో ఫలానా ఒకరిని చూపించి ‘ఈ వార్త వల్లే’ అని నేను అనలేను. అంటే నేనూ ఆ ‘ని’ వాడినట్టే. గుంపు మీద చెప్పగలిగింది ఒంటి మనిషి మీద చెప్పలేకపోవడం ఈ విషయం మొత్తానికి ఇరుసు లాంటిది.

దీనికి రెండో వైపు వియన్నాలో కనిపిస్తుంది. ఆ నగరంలో 1978లో భూగర్భ రైలు మొదలైంది. 80ల మధ్యలో ఆ స్టేషన్లలో ఆత్మహత్యలు పెరిగాయి, పత్రికలు వాటిని పెద్ద పెద్ద అక్షరాలతో, నాటకీయంగా వేసేవి. 1987లో ఆస్ట్రియాలోని ఆత్మహత్యల నివారణ సంఘం పత్రికలవాళ్లతో కూర్చుని రాసే తీరు గురించి మాట్లాడింది, పత్రికలు ఒప్పుకున్నాయి. కొన్ని వార్తలు లోపలి పేజీలకు పోయాయి, కొన్ని అసలు రాలేదు. ఆ ఏడాది మొదటి ఆరు నెలలతో పోలిస్తే తర్వాతి ఆరు నెలల్లో ఆ స్టేషన్లలో అలాంటి ఘటనలు 80 శాతానికి పైగా తగ్గాయి. రైళ్లు మారలేదు, ప్లాట్‌ఫాంలు మారలేదు. వార్త మారింది. వేరే కారణాలు కూడా కలిసి ఉండొచ్చు కదా అని అడగవచ్చు, అడగాలి కూడా. కానీ ఆ తర్వాత కూడా తగ్గుదల నిలబడింది.

ఎందుకిలా? చావు గురించి ఆలోచించే మనిషికి చాలాసార్లు బతకాలనీ ఉంటుందని, రెండింటి మధ్య ఊగుతుంటాడని, ఆ ఉధృతి కొద్దిసేపటిదే కావచ్చని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెబుతారు. చెన్నైలో 1986లో ఆత్మహత్యల నివారణ సంస్థ ‘స్నేహ’ను స్థాపించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ లాంటివాళ్ల పనంతా ఈ ఊగిసలాట మీద నమ్మకంతో నడిచేదే. అలా ఊగుతున్న పిల్లవాడు ఆ జిల్లా పేజీ వార్త చదువుతాడు. వాణ్ని కూడా రాత్రి ఎవరో తిట్టారు. వార్త వాడికి ఏం చెబుతుంది? తిట్టుకూ చావుకూ మధ్య దారి ఉందని, అది తిన్నగా ఉందని, ఒకే ఒక్క అడుగని. ఆ రాత్రి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని వేలమంది తల్లులు పిల్లల్ని మందలించి ఉంటారు? ఆ పిల్లలు పొద్దున లేచి, ముఖం మాడ్చుకుని, టిఫిన్ తిని కాలేజీకి పోయారు. ఆ దారి మామూలుగా ఎటు పోతుందో చెప్పే వార్త ఏ పేజీలోనూ రాదు, అది వార్త కాదు కనుక. చనిపోయినవాడి విషయంలో మందలింపు జరగలేదని నేను అనడం లేదు. జరిగే ఉంటుంది. కానీ దాని వెనక ఎన్ని నెలల నిద్రలేమి ఉందో, హాస్టల్‌లో ఏం జరిగిందో, ఎవరూ పోల్చుకోని జబ్బేదైనా ఉందో మనకు తెలియదు. తెలియనిదాన్ని ఆ ఒక్క అక్షరం నింపేస్తుంది. ఆ వాక్యాన్ని చదివే ఇంకో మనిషి ఉంది, ఆ తల్లి. చుట్టాలు పత్రిక దాచిపెడతారు, అయినా ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపుతారు. ఇంట్లో గుండెలు బాదుకుంటూ తనకు తాను వేసుకున్న నింద ఇప్పుడు ఊరందరి ముందూ అచ్చులో ఉంది. ఆమె ఇక ఏ జన్మకు ఆ వాక్యంలోంచి బయటికి వస్తుంది?

ఇక్కడ చాలా బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటేస్తే ఈ వాదనకు విలువ లేదు. కారణం చెప్పవద్దంటే, కారణమైన వ్యవస్థలను కాపాడినట్టు కాదా? 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిని రైతులు చనిపోయినప్పుడు పత్రికలు ‘అప్పుల బాధతో’ అని రాయకపోతే నకిలీ విత్తనాలు, పురుగుమందులు, వడ్డీలు, ఎండిన బోర్లు ఎవరికి పట్టేవి? నిజం. ఆ రాతలు లేకపోతే 2004 జూన్‌లో జీవో 421 వచ్చేది కాదేమో. చనిపోయిన రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం ఇచ్చే ఉత్తర్వు అది. కానీ ఆ ఉత్తర్వు అమలైన తీరు చూడండి. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల కమిటీ ఇంటికి వచ్చి, చనిపోయింది వ్యవసాయ అప్పు వల్లేనా అని తేల్చాలి. పాసుపుస్తకం ఉందా, అప్పు కాగితం ఉందా, తాగేవాడా, ఇంట్లో గొడవలున్నాయా? కౌలు రైతుకు కాగితం ఎక్కడిది? షావుకారు దగ్గర తెచ్చిన అప్పుకు రసీదు ఎవరిస్తారు? భార్య తన భర్త చావుకు ఒకే ఒక్క కారణం ఉందని, అది ప్రభుత్వం ఒప్పుకునే కారణమేనని రుజువు చేయాలి. బతికుండగా ఆ ఇంటికి జరిగిన అన్యాయాన్ని చూడని ప్రభుత్వం, చావులో మాత్రం ఒక్క కారణం అడుగుతుంది. వ్యవస్థను నిలదీయడానికి మనం పట్టుకున్న ‘ని’నే, వ్యవస్థ తన గుమ్మం ముందు కాపలాకు పెట్టుకుంది. ఇక్కడే నాకు మళ్లీ దుర్ఖైమ్ పనికొస్తాడు. అనుకరణ విషయంలో ఆయన పొరబడ్డా, రేటు వేరు, మనిషి వేరు అన్న మాటలో పొరబడలేదు. ఒక రైతు ఎందుకు చనిపోయాడో మనకు పూర్తిగా తెలియకపోవచ్చు. ఒక జిల్లాలో వందలమంది చనిపోతుంటే అక్కడి నేల, నీళ్లు, అప్పు, ధర ఎలా ఉన్నాయో తెలుసుకోవచ్చు, తెలుసుకుని గట్టిగా అరిచి చెప్పవచ్చు, ఆ అప్పును ప్రతి చావుకూ విడివిడిగా అతికించకుండానే.

ఇంటర్ ఫలితాల సంగతి దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ. 2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఫలితాలు వచ్చాయి. తొమ్మిదిన్నర లక్షల మందికి పైగా పిల్లలు, వాళ్లలో మూడు లక్షలకు పైగా ఫెయిల్. మార్కుల్లో తప్పులు దొర్లాయని రెండు మూడు రోజుల్లోనే బయటపడింది. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, తిరిగి చూస్తే 99. తల్లిదండ్రులు బోర్డు ఆఫీసు ముందు కూర్చున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, ఫెయిలైన అందరికీ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించింది. పత్రికలూ టీవీలూ వెంటపడకపోతే ఇది జరిగేది కాదు, ఆ పనిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అదే రోజుల్లో అవే పేజీల్లో ఇంకో వరస నడిచింది. చనిపోయిన పిల్లల పాస్‌పోర్ట్ ఫొటోలు, కాలేజీ పేరు, ఫెయిలైన సబ్జెక్టు, ఇవాళ్టికి సంఖ్య ఇంతకు చేరిందన్న లెక్క. ఆ సంఖ్య ఇరవై దాటింది. ఫెయిలైన లక్షల మంది పిల్లలు ఇళ్లలో ఆ లెక్క చూస్తూనే ఉన్నారు. సున్నా 99 అయిందన్న వార్తలో బోర్డును నిలదీసే శక్తి అంతా ఉంది. దానికి ఏ బిడ్డ ఫొటో తోడు అక్కర్లేదు. జవాబుపత్రం ఎవరు దిద్దారు, మార్కులు కంప్యూటర్‌లోకి ఎవరు ఎక్కించారు, పని ఏ అర్హతతో అప్పగించారు అన్నవి పిల్లల చావులతో సంబంధం లేకుండానే అడగాల్సిన ప్రశ్నలు. చావు జరిగితేనే అడుగుతామంటే, రేపు ఇంకో తప్పు జరిగినప్పుడు తన మాట వినిపించుకోవడానికి ఒక పదిహేడేళ్ల పిల్లకు మనం ఏ దారి మిగిల్చినట్టు? ఈ ప్రశ్నకు నా దగ్గర నెమ్మది జవాబు లేదు. తలుచుకుంటే భయం వేస్తుంది.

ఇవాళ అందరి చేతుల్లో ఫోనుంది, పత్రిక ఒక్కటి నోరు కట్టుకుంటే ఏమవుతుందని అంటారు. ఫోన్లలో తిరిగే దాంట్లో చాలా భాగం పత్రిక, టీవీ తయారు చేసిన వాక్యమే, కత్తిరించి పంపుతారు. మూలం మారితే పాయలోనూ కొంత మారుతుంది. కుటుంబమే చెప్పింది కదా, మేం రాశాం అనేది ఇంకో మాట. ఆపరేషన్ థియేటర్ బయట ఏడుస్తున్న మనిషి అన్న మాటలన్నీ అచ్చువేయం. ఎందుకు వేయమో మనకు తెలుసు.

వియన్నా ఊసు ఇంకొకటి మిగిలింది. మోజార్ట్ సంగీత నాటకం ‘మ్యాజిక్ ఫ్లూట్’ 1791లో ఆ నగరంలోనే మొదట ఆడింది. అందులో పాపగేనో అని పిట్టలు పట్టేవాడు ఉంటాడు. ప్రేమించిన పిల్ల దక్కదని చనిపోబోతుంటే ముగ్గురు పిల్లలు వచ్చి, నీ దగ్గరున్న గంటలు మోగించవయ్యా అని గుర్తు చేస్తారు. 2010లో థామస్ నీడర్‌క్రోటెన్‌థాలర్, ఆయన సహచరులు పత్రికా వార్తలను పరిశీలించి ఒక విషయం గమనించారు: చనిపోవాలన్న ఆలోచన దాకా వెళ్లి, ఏదోలా నిలదొక్కుకున్నవాళ్ల గురించిన కథనాల తర్వాత ఆత్మహత్యలు తగ్గే ధోరణి ఉంది. దానికి పాపగేనో పేరు పెట్టారు. 1994లో అమెరికన్ గాయకుడు కర్ట్ కోబేన్ చనిపోయినప్పుడు సియాటెల్‌లో ఆత్మహత్యల ఉప్పెన వస్తుందని అందరూ భయపడ్డారు. రాలేదు. స్థానిక మీడియా, ఆయన చావును ఆయన పాట నుంచి విడదీసి చూపింది, సహాయం ఎక్కడ దొరుకుతుందో పదే పదే చెప్పింది. ఆ నగరంలోని సహాయ కేంద్రానికి ఫోన్లు మాత్రం బాగా పెరిగాయి. అదే వార్త, అదే దుఃఖం. అవతల ఫోనెత్తేవాళ్లు ఉన్నారన్న సంగతి కూడా ఆ వార్తలో ఉంది.

మన దగ్గర 2022 అక్టోబరు 10 నుంచి కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ ఉంది. 14416కి పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు పడదు, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ సహాయం కోరడాన్ని మనం ఎలా చూస్తాం? సుశాంత్ గురించి నెలల తరబడి సాగిన చర్చలో ఆయన చికిత్స తీసుకున్నాడన్న విషయాన్ని ఒక నేరపు జాడలా వెతికారు. చికిత్స తీసుకోవడం మామూలే, చాలామంది తీసుకుని బాగుపడతారు అన్న మాటకు ఎన్ని నిమిషాలు దొరికాయి? ఆ ఏడాది అది విన్నవాళ్లలో డాక్టర్ దగ్గరికి పోదామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ఎంతమంది, తమ చికిత్స సంగతి కూడా రేపు ఎవరో బయటపెడతారని వెనక్కి తగ్గినవాళ్లు ఎంతమంది?

జిల్లా పేజీ డెస్క్‌లో ఈ మాటలు చెబితే, చోటెక్కడుంది, ఉన్నది మూడంగుళాలు, టైం దాటిపోతోంది అంటారు. మూడంగుళాల్లో పడుతుంది. ఫలానా మండలంలో పదిహేడేళ్ల ఇంటర్ విద్యార్థి మృతి. ఆత్మహత్యగా పోలీసులు భావిస్తున్నారు, విచారణ జరుగుతోంది. ఈ జిల్లాలోని కాలేజీల్లో ఎక్కడెక్కడ కౌన్సెలర్లు ఉన్నారో, ఎక్కడ లేరో ఐదో పేజీలో. ఇలాంటి ఆలోచనలతో ఇబ్బంది పడుతుంటే 14416. అంతే. అందులో పద్ధతి లేదు, ఫొటో లేదు, ‘పాల్పడ్డాడు’ లేదు. ఆ చిన్న అక్షరం ‘ని’ లేదు. మర్నాడు పొద్దున పత్రిక ఆ ఇంటి అరుగు మీద పడినప్పుడు చుట్టాలు దాన్ని తీసి దాచాల్సిన పని లేదు.